పెన్నీతో మొదలుపెట్టండి: పాత బ్రిటిష్ నాణేలను సేకరించి పరిశీలించే పద్ధతి

బ్రిటిష్ నాణెం అనగానే మన ఇళ్ళలో చాలామంది ఇనప్పెట్టె అడుగు నుంచి విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయినో, ఐదో జార్జి కాలపు అణానో తీసి చూపిస్తారు. అవి బ్రిటిష్ ఇండియా నాణేలు, ఇక్కడి చెలామణీ కోసం ఇక్కడి టంకశాలల్లో ముద్రించినవి. వాటిని సేకరించడం వేరే విద్య. నేను రాస్తున్నది బ్రిటన్‌లోనే జనం చేతుల్లో తిరిగిన ఫార్దింగులు, పెన్నీలు, షిల్లింగులు, హాఫ్ క్రౌన్ల గురించి. 1971 ఫిబ్రవరి 15న అక్కడ దశాంశ పద్ధతి రాకముందు నడిచిన ఆ పాత నాణేలలో ఖరీదైనవి, అరుదైనవి ఎన్నో ఉన్నా, కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చేవారు ముందుగా కొనవలసినది అరిగిన కంచు పెన్నీలేనని నా గట్టి అభిప్రాయం. అవి కోట్ల సంఖ్యలో ముద్రణ అయ్యాయి, నేటికీ ఇంగ్లండులో నాణేల వ్యాపారుల బల్లల మీద చిల్లర డబ్బాల్లో చాలా చవకగా దొరుకుతాయి, అరచేతిలో పెట్టుకుంటే భూతద్దం లేకుండానే సగం సంగతులు చదువుకోగలిగినంత పెద్దవి. పది పెన్నీలను శ్రద్ధగా చూసి నేర్చుకున్న కన్ను, ఆ తరువాత వెండి మీదా బంగారం మీదా మోసపోకుండా కాపాడుతుంది.

ముందుగా లెక్క తెలియాలి. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌనుకు 240 పెన్నీలు. పెన్నీలో నాలుగో వంతు ఫార్దింగు, సగం హాఫ్ పెన్నీ. పెన్నీకి పైన మూడు పెన్నీల, ఆరు పెన్నీల నాణేలు, ఆపైన షిల్లింగు, రెండు షిల్లింగుల ఫ్లోరిన్, రెండున్నర షిల్లింగుల హాఫ్ క్రౌన్, ఐదు షిల్లింగుల క్రౌన్ ఉన్నాయి. అణాలు, పైసలు, దమ్మిడీల లెక్కలు విన్న పెద్దవారున్న ఇంట్లో పెరిగినవారికి ఇది కష్టంగా తోచదు.

ఈ లెక్కకూ బరువుకూ సంబంధం ఉంది, పరిశీలనకు అదే మొదటి ఆధారం. 1860లో రాగి స్థానంలో కంచు వచ్చినప్పుడు మూడు పెన్నీలు కలిపి ఒక ఔన్సు తూగేటట్లు నిర్ణయించారు. అంటే ఒక్కొక్క పెన్నీ సుమారు 9.45 గ్రాములు. హాఫ్ పెన్నీలు ఐదైతే ఔన్సు, ఫార్దింగులు పదైతే ఔన్సు. వెండి నాణేలలో అయితే విలువకు తగ్గట్టే బరువు: ఆరు పెన్నీల నాణెం 2.83 గ్రాములు, షిల్లింగు 5.66, ఫ్లోరిన్ 11.31, హాఫ్ క్రౌన్ 14.14, క్రౌన్ 28.28. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి కాటా పక్కన అంటించుకోవడం మంచిది.

కాటా అన్నాను కనుక పనిముట్ల సంగతి చెబుతాను. గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ కాటా, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ కాలిపర్, ఒక మామూలు అయస్కాంతం, పక్క నుంచి వెలుతురు పడేలా వంచుకోగల బల్లదీపం ఉంటే చాలు. నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవాలి. కింద మెత్తటి గుడ్డ మడతపెట్టి పరచుకుంటే చేయి జారినా నాణేనికి దెబ్బ తగలదు. వేలిముద్రలోని చెమట ముఖ్యంగా మెరుపు తగ్గని కంచు మీద ఏళ్ళ తరబడి మచ్చగా నిలిచిపోతుంది.

ఇక ఒక పెన్నీని చేతిలోకి తీసుకుందాం. ఉదాహరణకు 1912 నాటిది. బొమ్మ వైపు ఎడమకు తిరిగిన ఐదో జార్జి తల ఉంటుంది. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు మొదట గజిబిజిగా కనిపిస్తాయి, ఎందుకంటే మాటలన్నీ కుదించి చెక్కినవి, పైగా యూ ఉండవలసిన చోట వీ ఉంటుంది. విడదీసి చదివితే ఆ వరుస ఇలా ఉంటుంది: జార్జియుస్, ఐదు అనే రోమన్ అంకె, ఆపైన దేయి గ్రా అంటే దేవుని దయవల్ల, బ్రిట్ ఓమ్న్ రెక్స్ అంటే సమస్త బ్రిటన్లకు రాజు, ఫిద్ దెఫ్ అంటే మతవిశ్వాస రక్షకుడు, చివరగా ఇంద్ ఇంప్ అంటే హిందూదేశ చక్రవర్తి. ఆ చివరి రెండు మాటల దగ్గర నేను ఎప్పుడూ కొంతసేపు ఆగుతాను. 1893 నాటి విక్టోరియా వెండి నాణేలతో బ్రిటన్ నాణేల మీదికి వచ్చిన ఆ బిరుదు, మన స్వాతంత్ర్యం తరువాత 1949 సంవత్సరపు నాణేల నుంచి కనిపించదు. ఆరో జార్జి 1948 పెన్నీని, 1949 పెన్నీని పక్కపక్కన పెట్టి బొమ్మ వైపు చదివితే మన చరిత్రలోని ఒక ఘట్టం రెండు నాణేల మధ్య దొరుకుతుంది, ఆ రెంటికీ కలిపి అయ్యే ఖర్చు మాత్రం చాలా స్వల్పం.

ఇప్పుడు బొరుసు వైపు తిప్పాలి. తిప్పే పద్ధతిలోనూ ఒక పరీక్ష ఉంది. నాణెం నిలువు అక్షం మీద, పుస్తకంలో పుట తిప్పినట్లు పక్కకు తిప్పితే 20వ శతాబ్దపు బ్రిటిష్ నాణేల్లో రెండో వైపు కూడా తల పైకే ఉంటుంది. అలా కాక తలకిందులుగానో, పక్కకు ఒరిగినట్లో ఉంటే అచ్చులు సరిగా అమరని నాణెమైనా కావచ్చు, నకిలీ అయినా కావచ్చు. దాన్ని విడిగా పెట్టి ఇంకా పరీక్షించాలి.

బొరుసు మీద డాలుతో, త్రిశూలంతో కూర్చున్న స్త్రీమూర్తి బ్రిటానియా. ఆమె కింద సంవత్సరం. ఆ సంవత్సరానికి ఎడమ పక్కన చిన్న హెచ్ అక్షరం ఉందేమో భూతద్దంతో చూడండి. ఉంటే ఆ పెన్నీ లండన్‌లోని రాయల్ మింట్‌లో కాక బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలలో ముద్రితమైనది. 1918, 1919 సంవత్సరాల పెన్నీల మీద హెచ్‌తో పాటు, మరికొన్నింటి మీద కె, ఎన్ అక్షరాలు కూడా కనిపిస్తాయి. అవి అదే ఊరి కింగ్స్ నార్టన్ మెటల్ కంపెనీ చేసినవి, మామూలు వాటికన్నా తక్కువగా దొరుకుతాయి. అరిగిన నాణెంలో ఈ అక్షరాలు చుక్కల్లా మిగులుతాయి కాబట్టి పక్కవెలుతురులో నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. చిల్లర డబ్బాలో వెతికేవారికి ఇంతకన్నా సంతోషం కలిగించే క్షణం తక్కువ.

ఐదో జార్జి పెన్నీల బొరుసును ఏటవాలు వెలుతురులో చూస్తే బ్రిటానియా చుట్టూ ఒక మసక నీడ, గుండ్రని తల ఆకారంలో, తేలి కనిపించవచ్చు. కొత్తవారు దీన్ని అరుదైన పొరపాటు ముద్రణగా భావించి ఎక్కువ డబ్బు పెడుతుంటారు. అది నిజానికి ఆ కాలపు పెన్నీలన్నింటికీ ఉన్న జబ్బు. రాజు తల అచ్చులో బాగా లోతుగా ఉండటంతో, దెబ్బ పడగానే లోహం అటువైపు ఎక్కువగా పారి, ఇటువైపు అదే ఆకారంలో పల్చబడేది. దీన్ని సరిచేయడానికి టంకశాల కొన్నేళ్ళు తంటాలు పడి, 1926లో బొమ్మను సవరించి, 1928 నుంచి తలను చిన్నది చేసింది. కనుక నీడ ఉండటం వల్ల విలువ పెరగదు, కాని ఆ నీడను చూసి గుర్తుపట్టగలిగితే ముద్రణ ఎలా జరుగుతుందో మీకు అర్థమైనట్లే.

పెన్నీల్లో చూడవలసిన ఇలాంటి వివరాలు ఇంకా ఉన్నాయి. 1860 నుంచి 1894 వరకు బ్రిటానియాకు ఒక పక్క దీపస్తంభం, మరో పక్క ఓడ ఉండేవి. 1895లో రెండూ పోయాయి; 1937లో దీపస్తంభం ఒక్కటి తిరిగి వచ్చింది. 1902 పెన్నీలలో కొన్నింటి మీద సముద్రపు గీత బ్రిటానియా కాళ్ళు ఒకదానిపై ఒకటి వచ్చే చోటుకు సమానంగా కాక దానికి కిందుగా ఉంటుంది; సేకర్తలు దానిని లో టైడ్ పెన్నీ అంటారు, అది మామూలు దానికన్నా విలువైనది. విక్టోరియా విషయానికి వస్తే, రాణి మూడు వయసుల్లో కనిపిస్తుంది. వెండి మీద 1887 వరకు విలియం వయాన్ చెక్కిన యువతి ముఖం, ఆ ఏడు స్వర్ణోత్సవ సందర్భంగా వచ్చిన చిన్న కిరీటపు బొమ్మ, 1893 నుంచి థామస్ బ్రాక్ చేసిన ముసుగు వేసుకున్న వృద్ధ రాణి బొమ్మ. కంచు మీద మాత్రం కొప్పు ముడి వేసుకున్న ముఖం 1894 వరకు సాగింది. ఫ్లోరిన్ల కథ మరీ ఆసక్తికరమైనది. 1849లో వచ్చిన మొదటి ఫ్లోరిన్ మీద దేవుని దయవల్ల అనే మాటలు లేకపోవడంతో పెద్ద దుమారం లేచింది. 1851 నుంచి వచ్చిన కొత్త నమూనా మీద సంవత్సరం రోమన్ అంకెల్లో, గోథిక్ అక్షరాల్లో బొమ్మ వైపు చుట్టువరుస చివర ఉంటుంది. సంవత్సరమే లేదనుకుని దాన్ని పక్కన పడేసిన వారిని చూశాను.

వెండి దగ్గరికి వచ్చాక సంవత్సరమే లోహాన్ని చెబుతుంది. 1919 వరకు ముద్రించిన నాణేలు వెయ్యికి 925 వంతుల వెండి గలవి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వెండి ధర బాగా పెరిగి, నాణెం విలువకన్నా అందులోని లోహం విలువ మించిపోయే పరిస్థితి రావడంతో 1920 నుంచి వెండిని సగానికి తగ్గించారు. రెండో యుద్ధంలో అమెరికా నుంచి అప్పుగా తెచ్చుకున్న వెండిని తిరిగి ఇవ్వవలసి వచ్చి, 1947 నుంచి వెండిని పూర్తిగా తీసివేసి రాగి, నికెల్ మిశ్రమం వాడారు. అయితే ఈ మూడు కాలాల్లోనూ బరువు మారలేదు. అందుచేత 14.14 గ్రాములు తూగినంత మాత్రాన హాఫ్ క్రౌన్ వెండిదని అనుకోకూడదు.

దీనికి ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి ఉంది. చిన్న గాజు గ్లాసులో స్వేదనజలం పోసి కాటా మీద పెట్టి, కాటాను సున్నాకు తేవాలి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, కాని గ్లాసు అడుగునూ గోడలనూ తాకకుండా నీటిలో వేలాడదీయాలి. అప్పుడు కాటా చూపే అంకె నాణెం తోసిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. నా దగ్గర ఉన్న 1898 నాటి అరిగిన హాఫ్ క్రౌన్ 13.86 గ్రాములు తూగింది, నీటిలో 1.34 చూపింది, భాగిస్తే 10.34. మేలైన వెండికి రావలసినది అంతే. అదే నాణెం రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన నకిలీ అయి ఉంటే కాటా 1.55 దగ్గర ఆగి, సాంద్రత 8.9గా తేలేది. దారానికి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి రెండు మూడుసార్లు చేసి చూడాలి. తరువాత నాణేన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దాలి, రుద్దకూడదు. మెరుపు తగ్గని మేలురకం నాణేలకు ఈ పరీక్ష చేయకపోవడమే మంచిది.

అయస్కాంతం పరీక్ష ఇంకా తేలిక. దశాంశ పద్ధతికి ముందున్న బ్రిటిష్ నాణేలలో రాగి, కంచు, వెండి, ఇత్తడి, రాగి-నికెల్ మిశ్రమం, బంగారం తప్ప ఇనుము లేదు. అయస్కాంతానికి అంటుకున్న విక్టోరియా క్రౌన్ ఏదైనా సరే నకిలీ.

రుద్దకూడదు అన్నాను కాబట్టి శుభ్రం చేయడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మనకు రాగి చెంబునూ ఇత్తడి బిందెనూ చింతపండుతో తోమి తళతళలాడించే అలవాటు ఉంది. మొదట్లో నేను అదే పని ఒక కొప్పుముడి విక్టోరియా పెన్నీ మీద చేశాను. చాక్లెట్ రంగులో నిగనిగలాడుతూ ఉన్న ఆ నాణెం అయిదు నిమిషాల్లో గులాబీ రంగు రాగి రేకులా మారింది, జుట్టు పోగుల మధ్య ఉన్న సన్నటి గీతలు పులుపుకు కొరుక్కుపోయాయి. ఆ రంగు మళ్ళీ రాలేదు. నూరు నూటయాభై ఏళ్ళలో కంచు మీద ఏర్పడే గోధుమ పొర మురికి కాదు, లోహానికి అది చర్మం వంటిది. సేకర్త డబ్బు ఇచ్చేది ఆ చర్మానికే. చింతపండు, నిమ్మరసం, విభూది, పళ్ళపొడి, వెండి పాలిషు, ఏదీ వద్దు. మట్టి అంటుకుని ఉంటే స్వేదనజలంలో నానబెట్టడం, అది చాలకపోతే ఆలివ్ నూనెలో కొన్ని వారాలు ఉంచడం, ప్లాస్టిక్ కవరు వల్ల అంటిన జిగురుకు స్వచ్ఛమైన అసిటోన్ వాడటం, ఇంతవరకే. అసిటోన్ త్వరగా అంటుకునేది కనుక పొయ్యి, దీపం దగ్గర వాడకూడదు. కంచు మీద పొడిపొడిగా ఉన్న పచ్చటి చిలుము పక్క నాణేల దగ్గర ఉండకూడదు కాబట్టి అటువంటి నాణేన్ని వేరుగా ఉంచాలి.

ఇంకొక మాట. 1897 నుంచి 1918 వరకు ఫార్దింగులను టంకశాలే నల్లబరచి విడుదల చేసింది. కొత్త ఫార్దింగు మెరుపులో, పరిమాణంలో బంగారు అర సవరనులా కనిపించి జనం మోసపోకుండా చేసిన ఏర్పాటు అది. అంతకు పదేళ్ళ ముందు, 1887లో, కొత్త ఆరు పెన్నీల నాణెం బొరుసు మీద విలువ రాయకుండా డాలు బొమ్మ వేయడంతో, కొందరు దానికి బంగారు పూత పూసి అర సవరనుగా చెల్లించారు; ఆ నమూనాను వెంటనే ఉపసంహరించారు. 1944 నుంచి 1946 వరకు వచ్చిన పెన్నీలు కూడా టంకశాలలో నల్లబరచినవే. ఈ నలుపును మురికి అనుకుని తోమితే నాణెం కథనే తోమేసినట్లు.

నాణెం స్థితిని బ్రిటన్‌లో ఫెయిర్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని చెబుతారు. ఫైన్ అన్న మాట విని గొప్పగా ఉంటుందనుకోవద్దు. బాగా అరిగి, ముఖ్యమైన గీతలు మాత్రం మిగిలిన నాణేన్ని ఫైన్ అంటారు. అరుగుదల ఎత్తైన చోట మొదలవుతుంది: రాజు చెవి పైన జుట్టు, మీసం, బ్రిటానియా శిరస్త్రాణం, మోకాలు. అక్కడి గీతలు నిలిచి ఉన్నాయా, చదునయ్యాయా అని చూసి మీరే ఒక అంచనా రాసుకుని, ఆ తరువాతే అమ్మేవారి అంచనా చదవండి. మొదట్లో మీ అంచనా ఎక్కువగా ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

మోసాలు ఎక్కువగా సంవత్సరం దగ్గరే జరుగుతాయి. 1933లో చెలామణీకి పెన్నీలు అవసరం పడలేదు. శంకుస్థాపనలలో పెట్టడానికి, ప్రదర్శనశాలలకు మాత్రం అతి కొద్దిగా చేశారు. లీడ్స్‌లో ఒక చర్చి పునాదిరాయి కింద పెట్టినది 1970లో దొంగలపాలైంది. ఆ పేరు వల్ల వేరే ఏడాది పెన్నీ మీద చివరి అంకెను చెక్కి 1933గా మార్చినవి చాలా తిరుగుతుంటాయి. చివరి అంకె చుట్టూ నాణెం నేల, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం, మిగతా చోట్లకన్నా నున్నగా గానీ, గీతలతో గానీ ఉంటే అనుమానించాలి. నిజంగా తక్కువగా చేసిన పెన్నీ కావాలనుకునేవారు 1951 పెన్నీ కోసం డబ్బు కూడబెట్టుకోవడం మేలు; ఆ ఏడాది 1,20,000 మాత్రమే ముద్రించారు, అవీ బెర్ముడాకు పంపినవి.

బంగారు సవరనుల జోలికి కొత్తలో పోకపోవడమే మంచిది గాని, మన ఇళ్ళలో అవి ఉంటాయి కనుక ఒక మాట చెబుతాను. సవరను 7.98 గ్రాములు, 22 కారెట్లు. మన కాసులపేర్లలో కూర్చిన సవరనులకు పై అంచున టంకం పెట్టి ఉంగరం అతికించేవారు. తరువాత దాన్ని తీసేసినా, అంచు గంట్లు ఆ చోట పూడుకుపోయి, భూతద్దంలో నున్నగా కనిపిస్తాయి. అటువంటిదానికి బంగారం విలువే తప్ప సేకర్త ఇచ్చే అదనపు విలువ పెద్దగా ఉండదు. బొరుసు మీద గుర్రమెక్కిన సెయింట్ జార్జి బొమ్మలో గుర్రం కింది నేల మీద, సంవత్సరానికి పైన, చిన్న ఐ అక్షరం ఉన్న 1918 సవరను దొరికితే దాచుకోండి; అది బొంబాయిలో ముద్రించినది, ఆ ఒక్క సంవత్సరమే.

మనకు దగ్గరైనది ఇంకొకటి, ఇది ఖరీదైనది కాదు. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో 1797లో ఒక్కొక్కటి ఔన్సు తూగే రాగి పెన్నీలు చేశాడు. చుట్టుగట్టు వెడల్పుగా ఉండి బండిచక్రంలా కనిపించే ఆ పెన్నీలను కార్ట్‌వీల్ అంటారు. అదే టంకశాల 1808లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఈస్టిండియా కంపెనీకి పది, ఇరవై కాసుల రాగి నాణేలు చేసి ఇచ్చింది. వాటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకతిన్నెల మీద మునిగింది. 1980లలో వెలికితీసిన ఆ నాణేలు, ఒక వైపు కంపెనీ చిహ్నం, మరో వైపు పారసీ రాత, ఉప్పునీటి మరకలతో, ఇప్పటికీ అందుబాటు ధరకు దొరుకుతాయి. కోస్తా జిల్లాల సంతల్లో తిరగవలసిన డబ్బు అది. కార్ట్‌వీల్ పెన్నీ పక్కన దాన్ని పెట్టుకుంటే ఒకే చోట పుట్టిన రెండు నాణేలను కలిపి చూడవచ్చు.

దాచేటప్పుడు మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లు వాడవద్దు. కొన్నేళ్ళకు అవి పచ్చటి జిగురు వదులుతాయి. మైలార్ అనే పలుచని పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట చతురస్రాలు చాలు. మన తీరప్రాంతపు తేమకు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, అప్పుడప్పుడు మార్చాలి.

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. ఇంగ్లండులో నేలలో దొరికిన నిధికి 1996 నాటి ట్రెజర్ చట్టం వర్తిస్తుంది, థేమ్స్ ఒడ్డు బురదలో వెతకడానికి పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ అనుమతి కావాలి. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు; విదేశాల్లో ఉన్న పిల్లలకు బామ్మ పెట్టెలోని విక్టోరియా రూపాయిని కానుకగా సామానులో పెట్టి పంపడం నేరమవుతుంది.

కొన్న ప్రతి నాణేనికీ ఆ రోజే ఒక చీటీ రాయండి. నా మొదటి హెచ్ పెన్నీ చీటీలో ఇలా ఉంది: పెన్నీ, ఐదో జార్జి, 1912, హీటన్. బరువు 9.21 గ్రాములు, అడ్డుకొలత 30.8 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అంటలేదు. మీసం చదును, చెవి స్పష్టం, ఫైన్. బొరుసు మీద నీడ ఉంది. త్రిశూలం పిడి దగ్గర పాత దెబ్బ. రంగు ముదురు గోధుమ, శుభ్రం చేయలేదు.